మూడు దగ్గర

ఉలవపాడు హైవే పక్కన మామిడికాయల షెడ్డు.
ఖాళీ ప్లాస్టిక్ ట్రేల మధ్య నిలబెట్టి ఉంది బండి.
పొద్దున్నే కడిగినట్టున్నారు,
సీటు మీద ఇంకా షాంపూ వాసన.

"సచివాలయం మేడం బండన్నా,
ఇంటికీ ఆఫీసుకీ తప్ప
ఇంకో దారి తెలీదు దీనికి" అన్నాడు మాల్యాద్రి.
మీటరు మీద వేలు పెట్టి చూపించాడు.
పదకొండు వేల మూడొందల ఇరవై ఆరు.
పద్దెనిమిదేళ్ల బండికి.

వెంగమ్మ నా వైపు చూసింది.
పొగాకు గ్రేడింగుకి పోయే మనిషి,
తెల్లారి ఐదింటికి కందుకూరు సెంటర్లో
షేర్ ఆటో కోసం చలిలో నిలబడే మనిషి.
ఆ అంకె ఆమెకి తెగ నచ్చేసింది.

నేను మీటరు జోలికి పోలేదు.
కిక్ రాడ్ చూశా. రబ్బరు ఎప్పుడో పోయింది,
లోపలి ఇనుము రోకలి నడుమంత నున్నగా ఉంది.
ఎడమ బ్రేకు లివరు మీద రెండు వేళ్ల గుంట.
తాళం బుర్రలో పెన్ను మూత పెట్టినా తిరిగేట్టుంది.
వంగి ఫుట్‌బోర్డు కింద చెయ్యి పెడితే
తుప్పు పొరలు పొరలుగా ఊడొచ్చింది.
కాస్త నాలిక్కి ఆనించుకున్నా,
వెంగమ్మ "ఛీ" అంటున్నా.
ఉప్పు.
సముద్రం ఆఫీసుకి రాదు కదా,
బండే కరేడు దిక్కు పోయుండాలి,
ఏళ్ల తరబడి, తడి వలలు మోసుకుంటా.

"సెల్ఫ్ కొట్టన్నా, ఒక్క దెబ్బకి లేస్తది."
లేచింది. లేవదా మరి!
ఇంజను మీద అరచెయ్యి పెట్టి చూశా,
మేం రాకముందే ఆడించి పెట్టాడు,
పెళ్లిచూపులకి ముందు పౌడరు అద్దినట్టు.
వెనక చక్రం ఎత్తి తిప్పితే
బేరింగు పళ్లు కొరికింది.

ఆఖర్న మీటరు.
చట్రం స్క్రూల తలలు చితికున్నాయి.
అంకెలన్నీ వరసలో ఉన్నాయి గానీ
మూడు మాత్రం
వెంట్రుకవాసి కిందికి జారింది.

ఒంగోలు కర్నూలు రోడ్డులో సంధానీ బాయి కొట్టు.
పదమూడో ఏట చేరి ఎనిమిదేళ్లు చేశానక్కడ.
"చిన్న వేళ్లురా నీయి, వాచీల పనికి పుట్టావు" అనేవాడు.
గుండుసూదితో అంకెల్ని వెనక్కి తోసేవాణ్ణి,
బండికి ఇరవై రూపాయలు, ఒక టీ.
ఒక్క మధ్యాహ్నంలో
ఒక పాలాయన పన్నెండేళ్ల తెల్లవారుజాములు తుడిచేశా,
ఒక మందుల కంపెనీ కుర్రాడు
పొదిలికీ కనిగిరికీ మధ్య తిన్న ఎండంతా.
ఎవరికీ నొప్పి పుట్టలేదు.
మూడు దగ్గరే నాకు చెయ్యి నిలిచేది కాదు.
"మళ్లీ జార్చావా?" అని నెత్తిన మొట్టేవాడు బాయి.

"అసలెంత తిరిగిందబ్బయ్యా?"
మాల్యాద్రి ట్రేలు సర్దుకుంటా
"నా దగ్గరికొచ్చేతలికే అంతన్నా,
మాలకొండ సామి తోడు" అన్నాడు.
నమ్మాను.
నా కంటే గట్టిగా ఎవరు నమ్ముతారు?

ముప్పై వేలన్నది పద్దెనిమిదికి దిగింది.
ఇంకో రెండు తగ్గేవే,
బేరం మధ్యలో నాకే నోరు పెగల్లేదు.
వెంగమ్మ వింతగా చూసింది,
వంకాయల దగ్గర కూడా అంత తొందరగా ఒప్పుకోనని.

తిరుగుదారిలో తనే నడిపింది.
వెనక కూచుని, ఆమె భుజం మీంచి చూశా.
ఆరు పోయి ఏడొచ్చింది. ఎనిమిదొచ్చింది.
మూడు ఇంకా వంగే ఉంది,
తప్పు చేసి తలుపు దగ్గర నిలబడ్డ పిల్లాడిలా.

"మంచి బండేనా?" అని అరిచింది గాలిలోకి.
"మీటరు చూడబాక, చప్పుడు విను" అన్నా.
"ఏందీ?"
హెల్మెట్టులోంచి వినపడలేదు.
రెండోసారి చెప్పలేదు నేను.